వెర్లిన్ అనే స్వరం

కస్టారా ఊళ్ళో వెర్లిన్ నోటికి జంకనివి రెండే రెండు. ఒకటి సముద్రం, రెండోది ఆవిడ మొగుడు ఓజీ. సముద్రం అక్కడే ఉంది. ఓజీ మాత్రం జూన్ వానలు మొదలైన వారంలో, సీమపనస చెట్టు కింద పాన్ అనే వాయిద్యం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు.

అతనికి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒస్బర్ట్. ఆ పేరుతో పిలిస్తే అతనే పలికేవాడు కాదు. పని శ్రుతి కట్టడం. ఖాళీ నూనె పీపా అడుగు కోసి, సుత్తితో గిన్నెలా దించి, మంట మీద కాల్చి, ఒక్కో చోట ఒక్కో స్వరం పలికేలా కూర్చితే అది పాన్ అవుతుంది. పీపా కోయడం కండబలం ఉన్న ఎవడైనా చేస్తాడు. స్వరాన్ని నిలబెట్టడం మాత్రం అందరి వల్లా అయ్యేది కాదు. టొబాగో దీవిలో ఆ పనికి ముందు ఓజీ పేరే చెప్పేవాళ్ళు.

వెర్లిన్‌కి పాన్ అంటే మొదట్నుంచీ పడదు. పడకపోవడం ఆవిడ తప్పూ కాదు. ఆవిడ చిన్నతనంలో పాన్ వాయించే పెరడు వైపు తొంగి చూసిన ఆడపిల్లకి జామ బరికెతో వీపు చిట్లేది. ఒకసారి కంచె సందులోంచి చూస్తూ దొరికిపోయి, వారం రోజులు వెల్లకిలా పడుకోలేకపోయింది. అలాంటి పిల్ల పోయి పోయి పాన్‌కి శ్రుతి కట్టేవాణ్ణే చేసుకుంది. కొరివితో తల గోక్కుంటున్నావే అంది తల్లి. గోక్కుంటే నా తలే కదా అంది కూతురు.

పిల్లలు కలగలేదు. ఆ దిగులు ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. ఆవిడ ఒడ్డున మట్టి పొయ్యిలో కొబ్బరి రొట్టెలు కాల్చి అమ్మేది. అతను వాకిట్లో ఠంగు ఠంగున కొట్టుకుంటూ ఉండేవాడు. రొట్టె తీసుకోవడానికి వచ్చిన వాళ్ళకి రొట్టెతో పాటు ఆవిడ తిట్లు కూడా వేడివేడిగా దొరికేవి, వాటిలో ముప్పాతిక వంతు ఓజీవే. చచ్చినోడా అని మొదలుపెట్టకుండా ఆవిడ అతన్ని భోజనానికి కూడా పిలిచి ఎరగదు.

తగాదా అంతా ఒక్క చోటే వచ్చేది. పాన్‌కి శ్రుతి కుదిరాక దాన్ని ఓడలో పక్క దీవి ట్రినిడాడ్ పంపి క్రోమ్ పూత వేయించేవాడు. అది అద్దంలా మెరుస్తూ తిరిగొచ్చేది. రాగానే అమ్మేసి చేతులు దులుపుకోవచ్చు కదా. అలా కాక మళ్ళీ చెట్టు కింద పాత టైరులో దాన్ని కుదేసుకుని, రోజుల తరబడి చిన్న సుత్తితో కొడుతూ కూర్చునేవాడు. పెండలం మడి తవ్వాల్సిన రోజుల్లోనే అతనికి ఈ పని తగిలేది. తవ్వడం ఎగ్గొట్టడానికే ఈ వేషాలని వెర్లిన్ ఊరంతా చాటింది. పెళ్ళికూతురిలా ముస్తాబై వచ్చినదాన్ని మళ్ళీ కొట్టడమేమిటని నిలదీస్తే, దారి తప్పి వచ్చింది, ఇంటికి పిలుస్తున్నాను అనేవాడు. ఇలాంటి మాటలకి ఆవిడ ఇంకో తిట్టు తిట్టేది.

అంచు వరసలో, వాయించేవాడికి సరిగ్గా ఎదురుగా, అరచేయంత స్వరం ఒకటుంటుంది. ప్రతి పాన్‌లోనూ అతను దాన్ని ఆఖరుకి ఉంచుకునేవాడు. దానికి వెర్లిన్ అని పేరు పెట్టాడు. ఎందుకని అడిగిన వాళ్ళకి, ఎంత కొట్టినా మాట వినదు గనక అని చెప్పేవాడు. జనం నవ్వేవాళ్ళు, ఆవిడకి ఒళ్ళు మండేది. అక్కడితో ఊరుకున్నా బాగుండును. ఆ స్వరం దగ్గరికి వచ్చేసరికి ఇంట్లోకి కేక పెట్టేవాడు.

"వెర్లిన్ మళ్ళీ మొండికేసింది. వెర్లిన్, నువ్వొచ్చి అంచు పట్టుకో."

ఆవిడ పిండి చేతులతోనే వచ్చి, సణుక్కుంటూ అంచు పట్టుకుని కూర్చునేది. అతను ఒక దెబ్బ కొట్టి, చెవి ఒగ్గి, పెదవి విరిచి, ఊళ్ళో ఎవరి పడవ ఎవరు కొన్నారో చెప్పి, ఇంకో దెబ్బ కొట్టేవాడు. అలా ఒక్కో పాన్‌కి ఒక్కో సాయంత్రం గడిచిపోయేది. చేతుల మీద పిండి ఎండి అట్ట కట్టేది. ఇంత మొండి స్వరం పెట్టిన దేవుణ్ణి కూడా ఆవిడ వదిలిపెట్టేది కాదు.

ఆఖరి పాన్ ఎవరికీ ఇవ్వనన్నాడు ఓజీ. ఇన్నాళ్ళూ చేసినవన్నీ ఊళ్ళు పట్టి పోయాయి, ఇదొక్కటి మనింట్లో ఉండనీ అన్నాడు. దాని శ్రుతి పూర్తయింది. పూత పడకముందే మనిషి పోయాడు.

శవం దగ్గర జాగారం చేసే రాత్రి ఊరంతా వచ్చింది. కాఫీ తాగారు, కీర్తనలు పాడారు, ఓజీ మీద జోకులు చెప్పుకుని నవ్వారు, ఏడ్చారు. అందరికీ తెలిసిన చావు కాబట్టి, పోయాడన్న మాట వెర్లిన్ తన నోటితో ఎవరికీ చెప్పవలసిన పని పడలేదు. చెప్పలేదు కూడా. చచ్చినోడా అన్న తిట్టు కూడా ఆనాటి నుంచి ఆవిడ నోట ఎవరూ వినలేదు.

పొద్దున్నే రొట్టెలు పొయ్యిలోంచి తీశాక ఆవిడ ఇంట్లోకి వచ్చి పాన్ మీది దుప్పటి తీసేది. రబ్బరు చుట్టిన పుల్లతో ఆ ఒక్క స్వరం మీద ఒక్కటే దెబ్బ వేసేది. ఆవిడకి సంగీతం రాదు. కానీ ఆ మోత ఎక్కడ విన్నా గుర్తు పట్టగలదు, అది ఓజీ చేత్తో కట్టిన మోత. అది పలికితే ఆవిడకి తెల్లారినట్టు. మళ్ళీ దుప్పటి కప్పేసి అమ్మకానికి పోయేది.

ఊరి బాండు వాళ్ళు వచ్చి, ఓజీ గుర్తుగా ఆ పాన్ మేం వాయించుకుంటాం ఇమ్మని మర్యాదగానే అడిగారు. అడిగిన పాపానికి వాళ్ళ ఏడు తరాలనూ కడిగి పంపింది. ఆ తర్వాత వాళ్ళు రొట్టెలకి కూడా రావడం మానేశారు. ఆవిడా పిలవలేదు.

క్రిస్మస్‌కి ఎర్ర గోంగూర కాయల షర్బతు కాస్తూ, ఎందుకో ఆ పొద్దుట అంచు తడిమి చూసింది. వేలికి ఎర్రగా అంటింది. సముద్రపు గాలి ఎవరింటి ఇనుమునీ వదలదు. దుప్పటి కప్పితే మాత్రం ఆగుతుందా? ఇలాగే వదిలేస్తే తుప్పు అంచు దాటుతుంది, స్వరం తినేస్తుంది, ఓజీ అన్నవాడు ఆ ఇంట్లో మిగలడు. బాండు వాళ్ళని అడిగే ముఖం లేదు. తుప్పు పట్టకుండా ఓజీ ఏం చేసేవాడో ఆవిడ కళ్ళారా చూసిందే. క్రోమ్ పూత.

ఓడలో పాన్‌ని సామాన్లలో పడేయమన్నారు. పడేసేదాన్నయితే ఇంట్లోనే పడేసేదాన్ని అని, దారి పొడుగునా దుప్పటి మూటని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చుట్టూ జనం అలల పోటుకి వాంతులు చేసుకుంటున్నారు. ట్రినిడాడ్ రేవు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో దిగి, ఓజీ పాన్లు పంపే దుకాణం అడుక్కుంటూ చేరింది. పూత వేసేవాడు సుక్‌దేవ్, నలభై దాటిన మనిషి, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. ఓజీ ఎప్పుడూ సరుకు ఓడ వాళ్ళ చేత పంపేవాడు కాబట్టి అతని ముఖం కూడా సుక్‌దేవ్ చూసి ఎరగడు. పాన్‌ని అటూ ఇటూ తిప్పి, వేలితో మీటి మెచ్చుకున్నాడు. ఆ తర్వాత అడగవలసింది అడిగాడు.

"పూత అయ్యాక చూసుకునే ట్యూనర్ ఉన్నాడా, టాంటీ?"

పెద్ద వయసు ఆడవాళ్ళందరూ ఆ దీవుల్లో టాంటీలే. వెర్లిన్ గొంతు సవరించుకుంది. పోయాడు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూర్చుంది. ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి వీడే.

"మా ఆయనే ట్యూనర్," అంది.

అయితే నాకు బెంగ లేదు అని సుక్‌దేవ్ పాన్ లోపలికి తీసుకుపోయాడు. పాపం, వాడి తప్పేముంది? పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దాటనివ్వకపోతే ఆ చావు ఇంట్లోనే అణగి ఉంటుందని ఈవిడ ఆశ కాబోలు. ఇంకేమీ అడగకుండా సాయంత్రం ఓడకే తిరిగి వచ్చేసింది.

చెప్పిన గడువుకి మళ్ళీ వెళ్ళింది. పాన్ చూసి ఆవిడ కళ్ళు చెదిరాయి, తుప్పు జాడ లేదు. పరాయి వాళ్ళ ముందు దాన్ని పలికించబుద్ధి కాలేదు, మూట కట్టుకుని అదే ఊళ్ళో బెల్మాంట్ కొండ మీద ఉండే మేనకోడలు మార్వా ఇంటికి పోయింది. అక్కడ మంచం మీద పెట్టి, సంచిలోంచి పుల్ల తీసి, ఆ చోట ఒక్క దెబ్బ వేసింది.

రేకు మీద గరిటె జారిపడ్డట్టు మోగింది.

మరోసారి కొట్టింది. పాన్ మార్చేశారేమోనని పక్క రేకు మీద, ఓజీ ప్రతి పాన్‌కీ గోకే గుర్తు కోసం వెతికింది. అది పూత కింద అలాగే కనబడుతోంది. ఆవిడ మంచం పక్కన నేల మీద కూలబడింది. మార్వా పాన్ వాయించే మనిషి, ఆ మోత వినగానే ఆమెకి సంగతి అర్థమైంది. అత్తకి చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది. వీధి దిగి తన బాండుకి శ్రుతి కట్టే హోలిస్ దగ్గరికి తీసుకుపోయింది. హోలిస్ కుర్రతనంలో ఓజీతో పాటు ఒకే గురువు దగ్గర సుత్తి పట్టినవాడు. జాగారానికి ఓడెక్కి వచ్చాడు కూడా.

హోలిస్ అన్ని స్వరాలూ మీటి చూశాడు.

"ఆసిడ్‌లో ముంచుతారు, వేడి నీళ్ళలో ముంచుతారు, కరెంటు పెట్టి పూత ఎక్కిస్తారు వెర్లిన్. ఇనుము ఒళ్ళు వదిలేస్తుంది. పూత పడ్డ ప్రతి పాన్‌కీ మళ్ళీ సుత్తి పడాల్సిందే. ఇన్నేళ్ళూ వాడు నీ వాకిట్లో కూర్చుని చేసిందేమిటనుకున్నావు?"

పెండలం మడి ఎగ్గొడుతున్నాడనుకుంది. చేతులు కాలాక ఆకుల కోసం వెతికే మనిషిలా పాన్ అంచంతా తడుముతూ కూర్చుంది. తుప్పు తినకుండా కాపాడుకుందామని తనే తీసుకొచ్చి, ఓజీ చేతి పనిని తనే ఆసిడ్‌లో ముంచింది. ఇంకెవరైనా చేసి ఉంటే వాళ్ళని తిట్టిపోసేది. తిట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు.

మళ్ళీ శ్రుతి కట్టగలవా అని చివరికి అడిగింది. కడతాను గానీ అది నా చెయ్యి అవుతుంది, వాడిది రాదు, ముందే చెబుతున్నాను అన్నాడు హోలిస్. దీన్ని ఇలా మూగదానిలా ఇంటికి తీసుకుపోవడమా, పరాయి సుత్తి కింద పెట్టడమా? మర్నాడు పొద్దుటికి కూడా ఆవిడకి తేలలేదు. మధ్యాహ్నానికి వచ్చి, అన్నీ కట్టు, అదొక్కటి ముట్టుకోకు అని వేలు పెట్టి చూపించింది. అక్కడ కింద ఇంకా ఓజీ దెబ్బలే ఉన్నాయి, పలకకపోయినా సరే.

మామూలుగా అయితే హోలిస్ ఒప్పుకోడు. కానీ వాళ్ళ బాండు పెరట్లో ఒక ఆనవాయితీ ఉంది. వాయించే మనిషి పోతే, తర్వాత జరిగే కచేరీలో అతని పాన్‌ని గుడ్డ కప్పి అతని చోటే నిలబెడతారు. అతను వాయించే వంతు రాగానే మిగతా వాళ్ళు చేతులు ఎత్తి ఆగుతారు. శ్రుతి కట్టేవాడికి వరసలో చోటుండదు, అందుకని ఓజీ కోసం ఎవరూ ఏ పాన్‌నీ కప్పలేదు. అది తన మనసులో ముల్లులా ఉందనీ, ఆ ఒక్క స్వరం ఖాళీగా ఉంచితే వాడికి చోటిచ్చినట్టే అవుతుందనీ హోలిస్ అన్నాడు. ఆదివారం పెరట్లో కచేరీ ఉంది. మొదటి పాట చరణం మార్వా ఒక్కతే ఆ పాన్ మీద వాయిస్తుంది, ఆ స్వరం వచ్చిన చోటల్లా చెయ్యి గాల్లో ఆపుతుంది. వెర్లిన్ సోమవారం ఓడ దాకా ఆగిపోయింది.

ఆదివారం ఎండ చల్లబడేసరికి పెరడు నిండింది. ఇరుగుపొరుగు వాళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు, ఊరు చూడవచ్చిన తెల్లవాళ్ళు కొందరు గోడ వారన నిలబడ్డారు, గేటు దగ్గర మొక్కజొన్న సూపు పొగలు కక్కుతోంది. ఆడవాళ్ళు వరసలో నిలబడి పుల్లలు పట్టుకున్నారు, జామ బరికె పట్టుకుని ఏ తల్లీ రాలేదు. అదొక ముచ్చట అనిపించింది వెర్లిన్‌కి. ముందు బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఆ ఖాళీలో ఓజీ తనకి వినబడతాడని కాచుకుంది.

మార్వా మొదలుపెట్టింది. నెమ్మదిగా ఊగే వాల్ట్జ్ పాట. స్వరాలు తియ్యగా, తేటగా వచ్చాయి. మొదటిసారి చెయ్యి గాల్లో ఆగినప్పుడు వెర్లిన్‌కి నిజంగానే వినబడింది, పొద్దుటిపూట ఇంట్లో వినే ఆ మోతే. కళ్ళు మూసుకుంది. రెండోసారికి అంత బాగా వినబడలేదు. మూడోసారికి వెనక కూర్చున్నావిడ, పాపం ఆ అమ్మాయి తడబడుతోంది అంది పక్కావిడతో. ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు వెర్లిన్‌కి వినబడింది పాట కాదు, ఓజీ సణుగుడు. శ్రుతి తప్పిన పాన్ వాకిట్లో ఉంటే ఆ మనిషి ముద్ద దిగేది కాదు. కంచం ముందునుంచి లేచిపోయి దాన్ని చక్కబెట్టి వస్తే గానీ తినేవాడు కాదు, చేపల కూర చల్లారిందని తను ఇంతెత్తున లేచేది. అలాంటివాడి పాన్‌ని ఈ రోజు తను అవిటిదాన్ని చేసి పదిమందిలో నిలబెట్టింది. ఆ తర్వాత బాండంతా కలిసి హోరెత్తించింది, జనం లేచి ఊగారు. ఆవిడ మాత్రం లేవలేదు.

కచేరీ అయ్యాక సుక్‌దేవ్ ఎదురొచ్చాడు. తన పూత వెలుగులో ఎలా మెరుస్తుందో చూసుకోవడానికి అతను ఇలాంటి వాటికి వస్తుంటాడు. సూపు గిన్నె చేత పట్టుకుని నవ్వుతూ పలకరించాడు.

"టాంటీ, మీ ఆయన చెయ్యి గొప్పదని విన్నాను. అంచున ఒక స్వరం మర్చిపోయాడేం?"

ఓజీ మర్చిపోయాడట. ఈ మాట ఇక్కడినుంచి ఎంత దూరం పోతుందో వెర్లిన్‌కి తెలుసు, పాన్ వాయించే వాళ్ళ నోళ్ళు ఎలాంటివో ఆవిడకి కొత్త కాదు.

"మా ఆయన ఏదీ మర్చిపోలేదు నాయనా," అంది. "మా ఆయన పోయాడు. జూన్‌లో పోయాడు. ఆ సంగతి నువ్వడిగిన రోజునే నేను నీకు చెప్పాల్సింది."

సుక్‌దేవ్ గిన్నె గోడ మీద పెట్టేశాడు. ముందే తెలిస్తే ఈ పాన్ ముట్టుకునేవాణ్ణి కానని ఏదో చెప్పబోయాడు. నీ తప్పేం లేదని అతని భుజం తట్టి, ఆవిడ నేరుగా హోలిస్ దగ్గరికి నడిచింది.

"అది కూడా కట్టెయ్యి. అలా ఉంటే ఆయనకి ముద్ద దిగదు."

జనం పలచబడ్డారు, వెలుతురు ఇంకా ఉంది. హోలిస్ పాన్ తీసి టైరులో కుదేశాడు. వెర్లిన్ ఎదురుగా పీట లాక్కుని కూర్చుని, అలవాటు చొప్పున రెండు చేతులతో అంచు పట్టుకుంది.

"పట్టుకోనక్కర్లేదు, టైరు ఉందిగా," అన్నాడు హోలిస్.

"నీకు తెలియదు, ఇది మహా మొండిది."

అతను కిందినుంచి ఒకటి, పైనుంచి రెండు దెబ్బలు వేశాడు. పుల్లతో మీటాడు. స్వరం నిండుగా, శుభ్రంగా లేచి పెరడంతా పరుచుకుంది. సుత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"అయిపోయింది."

"అప్పుడేనా?"

"దీనికెంత సేపు? అంచు వరసలోవి పెద్ద స్వరాలు, వాటితో ఏ బాధా ఉండదు. ప్రాణం తోడేసేవి లోపలి చిన్నవి. ఇదైతే ఏ పాన్‌లోనైనా అన్నిటికంటే మంచిది, చెప్పిన మాట వింటుంది."

వెర్లిన్ అతని ముఖంలోకి చూసింది, తర్వాత పాన్ వంక చూసింది. ఒక్కో పాన్‌కి ఒక్కో సాయంత్రం. ఎవరి పడవ ఎవరు కొన్నారో, ఎవరి మేక ఎవరి మడిలో పడిందో, చెబుతూ చెబుతూ మధ్యలో ఒక దెబ్బ. ఎప్పుడో కుదిరిపోయిన స్వరాన్ని పట్టుకుని పెదవి విరిచి, తల అడ్డంగా ఊపి, ఇంకాస్సేపు కూర్చో అనడానికి వేరే దారి తెలియని మనిషి. ఆవిడ ఆ సాయంత్రాలన్నీ పిండి ఎండిపోతోందని విసుక్కుంటూ కూర్చుంది.

"దొంగ చచ్చినోడా," అంది. అన్నాక ఆ మాట తన చెవినే పడింది. ఏడుపు ఆగలేదు. జూన్ నుంచి దాచుకున్నదంతా ఆ పెరట్లో, కుర్చీలు మడుస్తున్న జనం మధ్యే బయటికి వచ్చింది. మార్వా పరుగెత్తుకొచ్చి భుజాలు పట్టుకుంది.

"ఇంకొక్కసారి కొట్టు," అంది వెర్లిన్ హోలిస్‌తో.

"కుదిరింది వెర్లిన్. ఇంక సుత్తి వేస్తే పాడైపోతుంది."

"తెలుసు. కొట్టకపోతే మానె, కాసేపు కూర్చో."

హోలిస్ సుత్తి ఎత్తలేదు. లేవనూ లేదు. ఊళ్ళో ఈమధ్య ఎవరైనా కొత్త పడవ కొన్నారా అని నెమ్మదిగా అడిగాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది, అంచు మీద చేతులు తియ్యకుండానే.